గాస్కెట్ మార్పు తర్వాత టర్బో లోపాలు, మిస్‌ఫైర్

టర్బో పెట్రోల్ ఇంజన్‌కు హెడ్ గాస్కెట్‌నో మానిఫోల్డ్ గాస్కెట్‌నో మార్చాక పికప్ తగ్గడం, ఇంజన్ మిస్ కొట్టడం కలిసి కనిపించవచ్చు. కొత్త గాస్కెట్ నాసిరకమని అనుమానించడం సహజమే గానీ, ముందు చూడాల్సింది దానికోసం విప్పి తిరిగి బిగించిన భాగాలను.

టర్బైన్‌ను తిప్పేది ఎగ్జాస్ట్ వాయువు. మానిఫోల్డ్ సరిగా అతకక అది టర్బోకు ముందే బయటికి పోతే బూస్ట్ ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వినిపించే టిక్ టిక్ చప్పుడు దీని గుర్తు. కంప్రెసర్ నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా ఇన్‌టేక్‌కు వెళ్లే హోస్ క్లిప్పు వదులైనా బూస్ట్ పడిపోతుంది. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న ఇంజన్లలో ఇది మరింత చిక్కు: కొలిచిన గాలి కొంత దారిలోనే పోతుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కనే పడుతుంది. మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై మిస్‌ఫైర్ మొదలవుతుంది. ఇలాంటి లీకు పట్టడానికి పొగ పరీక్ష మేలు. అది చేయకుండా టర్బో మార్చడం డబ్బు దండగ.

ఓబీడీ స్కానర్‌లో పి0299 తక్కువ బూస్ట్‌ను, పి0301 ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్‌ను సూచిస్తాయి. ఇగ్నిషన్ కాయిల్‌ను పక్క సిలిండర్‌దానితో మార్చినప్పుడు లోపం దానితోపాటే వెళ్తే తప్పు కాయిల్‌దే. లేకుంటే ప్లగ్, ఇంజెక్టర్, కనెక్టర్, ఆపైన కంప్రెషన్ చూడాలి. పక్కపక్క సిలిండర్లు రెండింటిలో కంప్రెషన్ పడిపోతే వాటి మధ్య గాస్కెట్ పట్టలేదని గట్టి అనుమానం. అన్నింటిలోనూ తగ్గితే టైమింగ్ బెల్ట్ పన్ను తప్పి ఉండవచ్చు. ఈలోగా బండిని తిప్పితే కాలని పెట్రోల్ కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది.