ఆదివారపు కూటము

ప్రార్థన యింటను చేసికొనవచ్చును గదా, దేవుడు సర్వాంతర్యామి యైనప్పుడు గుడిలో నలువురతో గూడి కూర్చుండనేల యని క్రైస్తవ సోదరులలో గొందఱు ప్రశ్నించుచున్నారు. ఇది సులభముగా ద్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఏకాంత ప్రార్థన మహిమను మేమును శంకింపము. అయినను ఈ మతచరిత్రమును బరికించినచో, కూటమువలన సమకూడిన ప్రయోజన మొకటి ఏకాంతమున సమకూడునది కాదని తోచుచున్నది.

క్రీ. శ. 112 ప్రాంతమున బితూనియ మండలాధిపతియైన ప్లీనీ రోమక చక్రవర్తి త్రాజానునకు వ్రాసిన లేఖ యొకటి నిలిచి యున్నది. క్రైస్తవులు నియత దినమున తెల్లవాఱకముందే కూడి క్రీస్తును గూర్చి పాడుచుండిరనియు, దొంగతనమును వ్యభిచారమును మానుదుమని ప్రతిన పట్టుచుండిరనియు, మరల గూడి భుజించుచుండిరనియు నందు గలదు. నిజము రాబట్టుటకై ఇద్దఱు దాసీలను అతడు చిత్రహింస పెట్టించెను. వారు కూటమున పరిచారిక లను పేరు వహించినవారని ఆ లేఖయే చెప్పుచున్నది. సంతలో సరకుగా నమ్ముడుపోవు స్త్రీకి ఆ కూటమునందు పదవి యుండెను! ప్లీనీకి ఇది వింతగా దోచలేదు కాబోలు, ఒక్క మాటతో దాటిపోయెను.

ఇట్టి విశేషమే పదునేడున్నర శతాబ్దములకు బిమ్మట మన ఒంగోలు సీమలో గానవచ్చినది. 1867 జనవరి 1వ తేదిని అమెరికా బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఎనమండుగురు సభ్యులతో నచట సంఘమును స్థాపించిరి. పిమ్మట చేరినవారిలో బెక్కుమంది మాదిగలు. వారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వీనిలో మొదటిది చూడ జిన్నదిగా నుండును గాని అది యెంత పెద్దదో ఆనాటి పల్లెల నెఱిగినవారికే తెలియును. రైతులకు జెప్పులును కపిలకు తోలుబానలును గుట్టి, కల్లమున మేర గింజలు పుచ్చుకొనుట వారి జీవనము. పిలిచిన దినమున పోవలసినదే గాని నేటి దినము నాదని యనగల హక్కు వారికి లేదు. ఒంటిగా బని మానినవాడు సోమరి యనిపించుకొని దెబ్బలు తినును. గూడెమంతయు నొక్కచోట జేరి మానినచో నది వ్రతమగును. ఆ చాపమీద కూర్చుండినవాడు మోకరింపకముందే ఊరితో నొక మాట చెప్పినట్లే.

1876-78 కఱవులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత గుత్తకు బుచ్చుకొని వేలమందికి గూలి కల్పించిరి. అన్నాశచే జేరుదురను శంకతో అప్పుడు బాప్తిస్మము నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మయేటిలో నొక్కనాడే 2,222 మంది పుచ్చుకొనిరి. సంఖ్యను జూచి మురియువారు మురియుదురు గాక. మాకు ఆ ఆదివారములే గొప్పవి.

అట్లని గుడిలో జరిగినదెల్ల మేలని చెప్పజాలము. దక్షిణదేశపు గుడులు కొన్నింట కులమునుబట్టి వేఱు చోటులును, ప్రభుభోజనమున ముందు వెనుకలును ఉండెను. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను ఈ భేదములు మానవలెనని శాసింపగా, తంజావూరు మొదలగు తావుల ననేకులు గుడినే విడిచిరి గాని సాటివారితో నొక్క గిన్నెలో ద్రాగ నొల్లరైరి. ఏకాంత ప్రార్థన యెన్నడును అడుగని దానిని కూటము వారి నడిగినది. ఆ సంగతి వారు చక్కగా గ్రహించిరి. మన తెలుగు జిల్లాలలోను లూథరను గుడి మాలలదిగను, బాప్తిస్టు గుడి మాదిగలదిగను ఏర్పడిన గ్రామములు నేటికిని గలవు. రెండు గుడులవారును ఆదివారమే కూడుదురు.