పక్షుల వీక్షణకు తేలికపాటి బైనాక్యులరే మేలు
పెద్ద అంకెలు చూసి కొంటే మెడకు భారం, కంటికి అలసట

సూళ్లూరుపేట: శీతకాలం వచ్చిందంటే పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రానికి సందర్శకుల తాకిడి పెరుగుతుంది. ఫ్లెమింగోలను, గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను తిలకించేందుకు కుటుంబ సమేతంగా తరలివస్తుంటారు. అయితే వచ్చినవారిలో పలువురు నిరాశతో వెనుదిరగడమూ కద్దు. సరస్సు నడుమ వేలాదిగా ఉన్న పక్షులు వట్టి కంటికి గులాబీ రంగు గీతలాగే కనిపిస్తాయి. అది చాలక కొందరు నీటి అంచు దాకా వెళ్తారు. అలికిడికి పక్షులు లేచిపోతాయి. చూసేవారికీ, పక్షులకూ కలిగే ఈ ఇబ్బందికి మంచి బైనాక్యులరే విరుగుడు. దానిని ఎంచుకోవడంలోనే చాలామంది పొరబడుతున్నారు. ఎక్కువ రెట్లు పెద్దదిగా చూపేదే గొప్పదనుకొని బరువైనది కొని, రెండు మూడు పర్యటనల తర్వాత అటకెక్కిస్తున్నారు. ఈ నేపథ్యంలో కొనుగోలుకు ముందు తెలుసుకోవలసిన అంశాలివి.

అంకెల అర్థమిదీ..

ప్రతి బైనాక్యులర్‌పైనా 8×32, 10×42 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. వీటిలో మొదటిది దృశ్యాన్ని ఎన్ని రెట్లు దగ్గర చేస్తుందో తెలుపుతుంది. రెండోది పక్షి వైపు ఉండే ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో సూచిస్తుంది. 8×32 అంటే 8 రెట్లు దగ్గరగా చూపేది, 32 మిల్లీమీటర్ల ముందు కటకం కలది అని అర్థం. మొదటి అంకె పెరిగితే పక్షి పెద్దదిగా కనిపిస్తుంది. రెండో అంకె పెరిగితే లోనికి వచ్చే వెలుతురు పెరుగుతుంది, దానితోపాటే బరువూ పెరుగుతుంది.

పెద్ద అంకెతో చిక్కు

200 మీటర్ల దూరంలోని గూడబాతు 8 రెట్ల బైనాక్యులర్‌లో 25 మీటర్ల దూరంలో ఉన్నట్లు కనిపిస్తుంది. 10 రెట్ల దానిలో 20 మీటర్ల దూరంలో ఉన్నట్లు అనిపిస్తుంది. తేడా అయిదు మీటర్లే. కానీ చేతి వణుకును సైతం బైనాక్యులర్ అన్ని రెట్లూ పెంచి చూపుతుంది. 12 రెట్లు దాటిన వాటిని ఊతం లేకుండా నిలకడగా పట్టుకోవడం దుర్లభం. మరో నష్టమూ ఉంది. రెట్లు పెరిగేకొద్దీ కనిపించే ప్రదేశం కుంచించుకుపోతుంది. వెయ్యి మీటర్ల దూరాన 8 రెట్ల వాటిలో సుమారు 130 మీటర్ల వెడల్పు ప్రదేశం కనిపిస్తే, 10 రెట్ల వాటిలో అది సాధారణంగా 100 నుంచి 115 మీటర్లకు తగ్గుతుంది. కొమ్మ నుంచి కొమ్మకు దూకే తేనెపిట్టను వెతికి పట్టుకోవాలంటే విశాలమైన దృశ్యమే అవసరం.

పులికాట్ వంటి బయలు ప్రాంతాల్లో ఎండ ముదిరాక నీటిపై గాలి వేడెక్కి దృశ్యం అలలు అలలుగా కదులుతుంది. ఆ వేళ ఎన్ని రెట్లు పెంచినా కదలికే పెద్దదవుతుంది తప్ప పక్షి స్పష్టంగా కనిపించదు. ఉదయం, సాయంత్రం వేళల్లో చూడటమే దీనికి తగిన మార్గం. 10-30 రెట్లు అంటూ జూమ్ సదుపాయంతో చౌకగా దొరికే వాటికి, ఎర్రగా మెరిసే కటకాలున్న వాటికి దూరంగా ఉండటం ఉత్తమం. వీటిలో దృశ్యం మసకగానో, రంగు మారినట్లుగానో కనిపిస్తుంది. పక్షిని గుర్తించడానికి రంగే ఆధారమన్నది మరువరాదు.

బరువు ఎంత ఉండాలి?

బైనాక్యులర్లను బరువును బట్టి స్థూలంగా నాలుగు తరగతులుగా చెప్పుకోవచ్చు.

* 8×25: సుమారు 250 నుంచి 350 గ్రాములు. చొక్కా జేబులో ఇముడుతుంది. కొండలెక్కేవారికి, బరువు తగ్గించుకోదలచిన ప్రయాణికులకు అనువైనది. మసక వెలుతురులో చాలదు.
* 8×32: సుమారు 450 నుంచి 600 గ్రాములు. రోజంతా మెడలో ఉన్నా పెద్దగా భారమనిపించదు. తొలిసారి కొనేవారికి అన్ని విధాలా తగినది.
* 8×42: సుమారు 600 నుంచి 800 గ్రాములు. వేకువన, సాయంసంధ్యలో, దట్టమైన అడవిలో మేలైనది.
* 10×50: తరచూ 800 గ్రాములు దాటి కిలో దాకా ఉంటుంది. ఒకచోట కూర్చుని చూడటానికే గానీ కాలినడకకు తగదు.

ఇంటి వద్ద పెట్టి వచ్చిన ఖరీదైన బైనాక్యులర్ కన్నా మెడలో ఉన్న సాధారణమైనదే పక్షిని చూపిస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

వెలుతురు లెక్క

రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు తెలుస్తుంది. 8×32కు ఇది 4 మిల్లీమీటర్లు. 8×42కు 5.25, 10×25కు కేవలం 2.5 మిల్లీమీటర్లు. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కనుక చిన్నవైనా సరిపోతాయి. చీకటిలో యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది, వయసు పైబడేకొద్దీ ఇది తగ్గుతుంది. పక్షులు గూళ్లు వదిలే తెల్లవారుజామున, తిరిగి చేరే మునిమాపు వేళ 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే చూపు హాయిగా ఉంటుంది.

లోపలి నిర్మాణం

బైనాక్యులర్ లోపల తలకిందులైన దృశ్యాన్ని సరిచేసేందుకు గాజు పట్టకాలు ఉంటాయి. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో రూపొందించిన అమరికతో చేసినవి పోరో రకం. వీటి గొట్టాలు వంపు తిరిగి వెడల్పుగా ఉంటాయి. తక్కువ ధరలోనే చక్కని దృశ్యాన్నిస్తాయి. నిటారు గొట్టాలుండేవి రూఫ్ రకం. ఇవి సన్నగా, పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. అయితే తయారీలో ఎక్కువ కచ్చితత్వం అవసరం కనుక మేలైన వాటి ధర అధికం. పట్టకాల్లో బీకే-7 కన్నా బీఏకే-4 గాజును మెరుగైనదిగా పరిగణిస్తారు. కటకాలన్నింటికీ పలు పూతలు వేసినట్లు పెట్టెపై స్పష్టంగా రాసి ఉండాలి. పూత లేకుంటే ప్రతి గాజు ఉపరితలం వద్దా కొంత కాంతి వెనక్కి మళ్లి దృశ్యం వెలవెలబోతుంది. తీర ప్రాంతవాసులు నైట్రోజన్ నింపిన, నీరు చొరబడని రకాన్ని ఎంచుకుంటే లోపల తేమ పట్టదు.

కళ్లద్దాలవారికి, పిల్లలకు

కళ్లద్దాలు ధరించేవారు, కంటికీ కటకానికీ మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా పూర్తి దృశ్యాన్నిచ్చే వాటినే కొనాలి. కంటి వద్ద ఉండే రబ్బరు కప్పులను లోనికి తిప్పి చూడాలి. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ. చాలా బైనాక్యులర్ల గొట్టాలు 56 మిల్లీమీటర్ల కంటే దగ్గరకు రావు. అందువల్ల పిల్లలను దుకాణానికి వెంట తీసుకెళ్లి చూపించాకే కొనడం శ్రేయస్కరం.

కొనే ముందు పరీక్షించండి

* చేయి చాచి బైనాక్యులర్‌ను ఆకాశం వైపు పట్టుకుంటే కంటి వైపు కటకాల్లో రెండు వెలుగు బిళ్లలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్లుంటే నాణ్యత తక్కువని అర్థం.
* దూరంగా ఉన్న కరెంటు తీగను లేదా గోడ అంచును చూడండి. గీత రెండుగా కనిపించినా, కన్ను లాగినట్లు అనిపించినా తీసుకోవద్దు.
* వెలుతురుకు ఎదురుగా ఉన్న నల్లని కొమ్మ అంచున ఊదా రంగు చార ఎక్కువగా ఉంటే కటకాలు నాసిరకమైనవి.
* రెండు మూడు మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తే సీతాకోకచిలుకలనూ చూడవచ్చు.
* మెడలో వేసుకుని పది నిమిషాలు నడవండి. అప్పుడే భారమనిపిస్తే అడవిలో ఇంకా భారమవుతుంది.

వాడకంలో మెలకువలు

మొదట కుడి కటకాన్ని మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రాన్ని తిప్పి దృశ్యాన్ని సరిచేసుకోవాలి. తర్వాత ఎడమదాన్ని మూసి, కుడి కంటి వద్ద ఉండే వలయాన్ని తిప్పి అదే వస్తువును స్పష్టం చేసుకోవాలి. ఆపై మధ్య చక్రం ఒక్కటే చాలు. పక్షి కనిపించగానే చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల వద్దకు తెచ్చుకోవాలి. మెడ తాడుకు బదులు రెండు భుజాల మీదుగా వేసుకునే పట్టీ వాడితే భారం సగమైనట్లు అనిపిస్తుంది. కటకాలపై దుమ్మును ముందుగా ఊది, మెత్తని కుంచెతో తొలగించాకే తుడవాలి. చొక్కా అంచుతో రుద్దితే ఇసుక రేణువులు పూతను గీస్తాయి. వానాకాలంలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి భద్రపరిస్తే బూజు పట్టదు. బైనాక్యులర్‌తో సూర్యుని వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ చూడరాదు. క్షణకాలం చూసినా కంటిచూపు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది. ఈ విషయాన్ని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

దూరమే పక్షులకు రక్ష

నేలపట్టు చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లలను పొదుగుతాయి. మనుషులు చేరువైతే తల్లి పక్షులు ఎగిరిపోతాయి. అవి తిరిగి వచ్చేలోగా గుడ్లు, రెక్కలు రాని పిల్లలు ఎండకు మాడిపోవచ్చు, కాకులకు, గద్దలకు ఆహారం కావచ్చు. సందర్శకులు పరిశీలన గోపురం వద్దే నిలిచి అరకిలో బరువున్న బైనాక్యులర్‌తో చూస్తే గూటిలోని పిల్లకు తల్లి చేప అందించే దృశ్యం కళ్లకు కడుతుంది. పక్షికి మన ఉనికే తెలియదు. అందువల్ల బైనాక్యులర్ ఎంపికలో పొరబడకుండా ఉండటం సందర్శకుల వేడుకకే కాదు, ఏటా వచ్చే ఆ అతిథుల క్షేమానికీ అవసరమే.