జ్ఞాపకమే పెద్దరికం

వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక వృత్తాంతం ఉంది. శ్రావస్తికి వెళ్ళే దారిలో బసలన్నీ ముందు చేరినవారు ఆక్రమించుకోగా, సారిపుత్త స్థవిరుడు రాత్రంతా చెట్టు కింద కూర్చున్నాడు. అది తెలిసిన బుద్ధుడు తొలి ఆసనం, తొలి నీరు, తొలి భిక్ష ఎవరికి చెందాలని భిక్షువులను అడిగాడు. కొందరు కులాన్నీ, కొందరు పాండిత్యాన్నీ, కొందరు ధ్యానసిద్ధినీ పేర్కొన్నారు. అప్పుడాయన ఒక మర్రిని ఆశ్రయించిన ఏనుగు, కోతి, తిత్తిరి పక్షుల కథ చెప్పాడు. ఏనుగు పిల్లగా ఉన్నప్పుడు ఆ చెట్టు దాని పొట్టకు తగిలేది. కోతి నేల మీద కూర్చునే దాని చిగుళ్ళు తిన్నది. తిత్తిరి మరోచోట పండు తిని ఇక్కడ రాల్చిన విత్తనమే ఆ మర్రి. కనుక తిత్తిరియే పెద్ద అయింది. ఇక్కడ ఎవరికీ పుట్టిన సంవత్సరం తెలియదు. ఎవరి జ్ఞాపకం ఎంత దూరం వెళ్తుందన్నదే కొలమానం.

ఈ కొలమానాన్ని మనకాలంలో గుర్తు చేసే జీవితం అండమాన్ దీవులకు చెందిన బోవా సీనియర్‌ది. గ్రేట్ అండమానీయుల పది తెగలలో ఒకటైన బో తెగ భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి ఆమె. 2010 జనవరి 26న సుమారు 85 ఏళ్ళ వయసులో మరణించారు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ శిక్షా నివాసం ఏర్పడేనాటికి గ్రేట్ అండమానీయులు వేల సంఖ్యలో ఉండేవారు. 1877 నాటి తట్టు మొదలైన అంటువ్యాధులు వారిని తుడిచిపెట్టాయి. 1901 జనగణనలో 625 మంది, 1961లో 19 మంది మిగిలారు. ఆ తరువాత వారిని స్ట్రెయిట్ ద్వీపంలో స్థిరపరిచారు.

తల్లిదండ్రుల మరణానంతరం దశాబ్దాల పాటు బోవాతో ఆమె మాతృభాషలో సంభాషించేవారే లేకపోయారు. శరీరం శిథిలం కావడమే జర అని మనం సాధారణంగా భావిస్తాం. తన మాట అర్థం చేసుకునేవారు ఒక్కొక్కరే తరలిపోవడం కూడా జరయే. 2004 సునామీ నుంచి ఆమె ప్రాణాలతో బయటపడ్డారు. భూమి కంపించినప్పుడు ఎలా మెలగాలో తమ పెద్దలు ముందే చెప్పి ఉన్నారని ఆమె తరువాత వివరించారు. 2005లో గ్రేట్ అండమానీ భాషల నమోదు చేపట్టిన భాషావేత్త అన్వితా అబ్బీ ఆమె మాటలనూ పాటలనూ ధ్వనిముద్రణ చేశారు.

ఆ దీవులలో గతించినవారి పట్ల గౌరవానికి ప్రత్యక్ష రూపం ఉండేది. 1906–08 మధ్య అక్కడ పరిశోధించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఒక ఆచారాన్ని నమోదు చేశాడు. కొన్ని నెలల తరువాత మృతుల అస్థికలను వెలికితీసి, శుభ్రపరచి, మట్టిరంగు పూసి, బంధువులు ఆభరణాలుగా ధరించేవారు. బౌద్ధులమైన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. 1892లో అలెగ్జాండర్ రే తవ్విన భట్టిప్రోలు స్తూపంలో ధాతుకరండాలు లభించాయి. వాటిలో ఒకదాని మీది బ్రాహ్మీ లేఖనం కుర అనే వ్యక్తితో పాటు అతని తండ్రినీ తల్లినీ కూడా దాతలుగా పేర్కొంటుంది. బుద్ధ ధాతువుకు చేసిన దానంలో కూడా కన్నవారిని ముందు నిలిపారు.

అయితే రెండింటి మధ్య ఒక భేదముంది. భట్టిప్రోలులో రాయి ఉంది, లిపి ఉంది. కుర తల్లిదండ్రుల ఉనికి నేటికీ మనకు అందుతోంది. బో భాషకు లిపి లేదు. దాని గ్రంథాలయమంతా కొందరు వృద్ధుల కంఠంలోనే ఉండేది. ఆ కంఠం మూగబోయాక మిగిలిన అస్థికలు ఒక చెట్టు పేరునైనా, ఒక పక్షి పేరునైనా చెప్పలేవు.

పురావస్తు పరిశోధకులం శిథిలాలకు రక్షణ కోరుతాం, గోడలకు మరమ్మతులు చేయిస్తాం. స్తూపం పక్కనున్న పల్లెలో దిబ్బ పాత పేరు ఎరిగిన వృద్ధురాలిని మాత్రం రేపు కలుద్దామనుకుంటాం. శిల నిరీక్షిస్తుంది, మనిషి నిరీక్షించలేడు. విహారాలలోనూ పాఠక్రమాన్నీ, స్వరాన్నీ, స్థలగాథలనూ ఎరిగిన వృద్ధ భిక్షువులు ఉన్నారు. వారికి తొలి ఆసనం ఇవ్వడం వినయ నియమం. ఆ ఆసనం మీద కూర్చున్నవారు చెప్పేది ఓపికగా విని, రాసి ఉంచినప్పుడే ఆ నియమం సంపూర్ణమవుతుంది. సంస్కారాలన్నీ అనిత్యమని నిత్యం స్మరించే మనకు ఈ పనిని వాయిదా వేసే అవకాశం అందరికంటే తక్కువ.