వైరస్ ఎవరి సొత్తు?

2007 మొదట్లో ఇండోనేషియా ఒక పని మానేసింది. బర్డ్ ఫ్లూ సోకిన తన మనుషుల నుంచి తీసిన వైరస్ నమూనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకి పంపడం ఆపేసింది. అంతకుముందు 2006 ఒక్క ఏడాదిలోనే అక్కడ 55 మందికి హెచ్5ఎన్1 సోకితే 45 మంది పోయారు. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం మొదలుపెడితే ఏమవుతుందోనని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. అలాంటప్పుడు నమూనాలు దాచుకోవడమేమిటని ఇండోనేషియా మీద అందరూ విరుచుకుపడ్డారు.

అసలు ఆ నమూనాలు ఎక్కడికి వెళ్లేవి? 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ కోసం ల్యాబుల గొలుసు ఒకటి నడుపుతోంది. ఆయా దేశాల ల్యాబులు తమ దగ్గర తిరుగుతున్న ఫ్లూ నమూనాలను అట్లాంటా, లండన్, టోక్యో, మెల్‌బోర్న్ లాంటి చోట్ల ఉన్న పెద్ద కేంద్రాలకు పంపిస్తాయి. ఆ కేంద్రాలు వాటిని పరిశీలించి, టీకాకి పనికొచ్చే వైరస్‌ని ఎంచి కంపెనీలకు ఇస్తాయి. పంపే దేశానికి ఎవరూ డబ్బు ఇవ్వరు, అదీ అడగదు. అందరి మేలు కోసం కదా! చిక్కంతా చివరి మెట్టు దగ్గరే. తయారైన టీకా బజార్లో సరుకు. కొనగలిగినవాడిదే టీకా. పంపేటప్పుడు దానం, తిరిగొచ్చేటప్పుడు వ్యాపారం.

అప్పటి ఇండోనేషియా ఆరోగ్య మంత్రి సితి ఫదీలా సుపారి. వృత్తిరీత్యా గుండె డాక్టరు. తమ దేశం నుంచి వెళ్లిన వైరస్‌తో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారుచేస్తోందని ఆమెకు తెలిసింది. పంపిన దేశం అనుమతి లేకుండా నమూనాలను బయటివాళ్లకి ఇవ్వకూడదని 2005 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. ఇండోనేషియాని మాత్రం ఎవరూ అడగలేదు. రేపు నిజంగా మహమ్మారి వస్తే, తమ వైరస్‌తో చేసిన టీకా కోసం తామే క్యూలో చివర నిలబడాలి. సుపారి కోపానికి మూలం ఇదీ.

ఇక్కడ ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. 2006 మే నెలలో ఉత్తర సుమత్రాలోని కారో ప్రాంతంలో ఒకే కుటుంబంలోని వాళ్లు వరసగా జబ్బుపడి చనిపోయారు. అలాంటి వైరస్‌ల జన్యు వివరాలు అప్పట్లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఒక డేటాబేస్‌లో ఉండేవి. దాన్ని చూసే వీలు ప్రపంచం మొత్తమ్మీద 15 ల్యాబులకే. ఆ ఏడాది ఆగస్టులో, తమ దేశపు వైరస్‌ల జన్యు వివరాలు అందరికీ కనపడేలా పెట్టండని చెప్పింది ఇండోనేషియానే. అంటే, ‘దాచుకుంది’ అని తర్వాత తిట్లు తిన్న దేశమే ముందు తాళం తీసిందన్నమాట.

సుపారి వాదానికి ఆధారం 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం. ఒక దేశపు మొక్కల మీద, ప్రాణుల మీద ఆ దేశానికి హక్కుంటే, వైరస్ మీద ఎందుకుండదు? 2008లో అమెరికా దౌత్యవేత్త రిచర్డ్ హోల్‌బ్రూక్, జర్నలిస్టు లారీ గారెట్ ఈ వాదం ప్రపంచానికే ప్రమాదమని వాషింగ్టన్ పోస్ట్‌లో రాశారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు. నమూనాలు అందకపోతే వైరస్ ఎలా మారుతోందో తెలీదు. కానీ, టీకా అందకపోతే మనుషులు చస్తారన్నది కూడా అంతే నిజం. మొదటిది ‘ప్రపంచ భద్రత’ అయ్యింది, రెండోది ‘పేదదేశాల గొడవ’ అయ్యింది. పేరు పెట్టే అధికారం ఎవరిదో ఇక్కడే తెలుస్తుంది.

అలాగని సుపారిని కథానాయికని చేయలేం. అమెరికా ఈ వైరస్‌లతో జీవాయుధాలు చేస్తుందేమోనన్న అనుమానాన్ని ఆధారం లేకుండా పుస్తకంలో రాశారు. 2008లో బర్డ్ ఫ్లూ మరణాలను వెంటనే ప్రకటించడం కూడా ఆపించారు. అది సొంత జనానికే చేసిన అన్యాయం. పదవి దిగాక, వైద్య పరికరాల కొనుగోలు అవినీతి కేసులో 2017లో జైలు శిక్ష పడింది. ఇవన్నీ ఆమె లెక్కలో రాయాల్సినవే. ఆమె వేసిన ప్రశ్న మాత్రం వీటివల్ల తప్పైపోదు.

రెండేళ్లలోనే రుజువు దొరికింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. మెక్సికో నమూనాలు దాచుకోలేదు. అయినా టీకాల్లో చాలా భాగాన్ని ధనికదేశాలు ముందస్తు ఒప్పందాలతో బుక్ చేసేసుకున్నాయి. దానంగా ఇస్తామన్నవి ఆలస్యంగా కదిలాయి.

2011 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కొత్త నిబంధనావళిని ఆమోదించింది. ఈ గొలుసుని వాడుకునే కంపెనీలు దాన్ని నడిపే ఖర్చులో సగానికి సమానమైన మొత్తాన్ని ఏటా కట్టాలి. మహమ్మారి వస్తే టీకాల్లోనో మందుల్లోనో కొంత ఇస్తామని, లేదా తయారీకి లైసెన్సులు ఇస్తామని ముందే ఒప్పుకోవాలి. నాలుగేళ్ల బేరం తర్వాత వచ్చిందిది. బతిమాలితే కాదు, ‘పంపం’ అంటే వచ్చింది.

కాకపోతే అది మహమ్మారి కాగల ఫ్లూకి మాత్రమే. 2020లో వచ్చింది ఫ్లూ కాదు. చైనా శాస్త్రవేత్తలు జనవరి 11న పెట్టిన జన్యు వివరాలు ప్రపంచానికంతటికీ ఉచితంగా అందాయి, టీకాలు అందలేదు. అక్టోబరులో పేటెంట్లు సడలించమని ప్రపంచ వాణిజ్య సంస్థలో దక్షిణాఫ్రికాతో కలిసి అడిగిన మన దేశమే, 2021లో రెండో వేవ్ ముంచెత్తినప్పుడు టీకాల ఎగుమతి ఆపేసింది. వాటినే నమ్ముకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. ఆక్సిజన్ కోసం ఆసుపత్రుల ముందు జనం పడిగాపులు కాస్తున్నప్పుడు ఇంకేం చేస్తారని అనిపించడం సహజం. ధనికదేశాలూ తమ గురించి సరిగ్గా అదే అనుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో ఒమిక్రాన్‌ని గుర్తించి వెంటనే చెప్పిన బోట్స్వానా, దక్షిణాఫ్రికాలకు దక్కిన బహుమతి విమానాల నిషేధం.

2025 మే 20న మహమ్మారుల ఒప్పందాన్ని ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. ఇందులో చేరే కంపెనీలు మహమ్మారి సమయంలో తమ ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి అందేలా చూడాలి, కనీసం 10 శాతాన్ని ఉచితంగా. వైరస్‌ని ఎవరు ఇస్తారు, బదులుగా ఎవరికి ఏం దక్కుతుంది అన్న వివరాలను మాత్రం విడిగా ఒక అనుబంధానికి వదిలేశారు. అది తేలేదాకా సంతకాలు మొదలుకావు. సుపారి 2007లో అడిగింది సరిగ్గా ఆ అనుబంధంలో ఉండాల్సిన మాటే.