హోష్‌రుబా నుంచి అహోబిలం దాకా: జాదూకి షర్తులు, మాంత్రికుడికి వేషాలు

మొన్న జుమ్మా నమాజు అయ్యాక మా నంద్యాల దోస్తు ఒకాయన మసీదు మెట్ల మీద నన్ను ఆపేశాడు. "భాయ్, మావాడు దోస్తులతో కూర్చుని ఏందో ఆట ఆడతాండాడు. ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. నేను జాదూగర్‌ని అంటాడు. మంత్రం అయిపోయింది, మళ్ళీ రేపే అంటాడు. ఇది సిహర్ కిందికి రాదు కదా?" అని అడిగాడు. ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాను. ఆ మసలా చెప్పాల్సినవాళ్ళు మన మొహల్లాలోనే ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. "మంత్రం అయిపోయింది" అన్నాడే ఆ పిల్లాడు, ఆ మాట వెనక చాలా పెద్ద తారీఖ్ ఉంది. అందులో మన వాటా కూడా తక్కువేం కాదు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. దాని పాత ఖాయిదాల్లో మాంత్రికుడు పొద్దున్నే కొన్ని మంత్రాలు కంఠతా పట్టేవాడు. ఒకసారి వాడగానే ఆ మంత్రం బుర్రలోంచి చెరిగిపోయేది. మళ్ళీ నిద్రపోయి, లేచి, చదువుకోవాల్సి వచ్చేది. ఇది జాక్ వాన్స్ అనే రచయిత నుంచి తీసుకున్న పద్ధతి. 1950లో వచ్చిన ఆయన 'ది డైయింగ్ ఎర్త్' కథల్లో మంత్రాలు ఇలాగే ఉంటాయి. తెలుగు డిగ్రీ చదివిన నాకు దీంట్లో వింతేమీ కనపడలేదు. అవసరమైన ఘడియలోనే అస్త్రం గుర్తుకు రాకుండా పోవాలని పరశురాముడు కర్ణుణ్ణి శపించలేదా? వదిలిన బ్రహ్మాస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం అశ్వత్థామకు చేతకాలేదు కదా? శక్తి ఇచ్చేవాడు దానికి ఒక షర్తు కూడా కలిపి ఇస్తాడు. షర్తు లేకపోతే కథ లేదు. ఏదైనా చేయగలిగినవాడి గురించి చెప్పడానికి ఏముంటుంది? వాడు చేస్తాడు, అయిపోతుంది.

ఈ షర్తుల విద్యలో ఉర్దూవాళ్ళను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. నేను చదివింది ఉర్దూ మీడియం బడి. అక్కడ పిల్లల కోసం కుదించిన అమర్ ఐయార్ కిస్సాలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. ఆ చిన్న పుస్తకాల వెనక దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా అనే సముద్రం ఉందని పెద్దయ్యాకే తెలిసింది. అక్బర్ బాద్షా ఆ దాస్తాన్‌కి దాదాపు 1400 బొమ్మలు వేయించాడు. 1562 ప్రాంతంలో మొదలైన ఆ పనికి పదిహేనేళ్ళు పట్టింది. మన వైపు కూడా ఆ కిస్సా తొందరగానే వచ్చింది. హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు 1612లో హైదరాబాద్ చేరి, కుతుబ్‌షాహీ దర్బారు కోసం 'జుబ్దతుర్రుమూజ్' పేరుతో ఆ కథను ఫార్సీలో కూర్చాడు. హైదరాబాద్ కట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటిందంతే.

ఆ తర్వాత లక్నో వచ్చింది. మున్షీ నవల్ కిశోర్ అనే హిందూ పెద్దమనిషి ఛాపాఖానా 1883లో 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' మొదటి సంపుటం వేసింది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాశాడు. మిగతావి అహ్మద్ హుసేన్ కమర్ రాశాడు. హమ్జా దాస్తాన్ మొత్తం కలిపితే 46 సంపుటాలు. చేతితో ఎత్తలేం, అల్మారాలో సర్దలేం.

తిలిస్మ్ అంటే ఏమిటి? గ్రీకులో 'తెలెస్మా', అరబీలో 'తిలస్మ్', ఇంగ్లీషులో 'టాలిస్మన్'. మాట ఒకటే. దాస్తాన్‌లో మాత్రం తిలిస్మ్ అంటే మెడలో కట్టుకునే వస్తువు కాదు, ఒక ముల్క్. జాదూతో కట్టిన దేశం. అక్కడ కనపడే చెట్టు చెట్టు కాదు, మనిషి మనిషి కాదు. హోష్‌రుబాకి మూడు భాగాలు: కనపడే జాహిర్, కనపడని బాతిన్, చీకటి లోకమైన జుల్మాత్. జాహిర్‌కీ బాతిన్‌కీ మధ్య పారే నెత్తురు నది, దాని మీద పొగతో కట్టిన వంతెన. ఆ ముల్క్‌కి బాద్షా అఫ్రాసియాబ్. సాహిర్లకు, అంటే మాంత్రికులకు, షహన్‌షా.

అసలు కిటుకు ఇది. తిలిస్మ్ కట్టినవాడే దాని చావును కూడా లోపల కట్టి పెడతాడు. ఎక్కడో ఒక లౌహ్ ఉంటుంది. లౌహ్ అంటే పలక. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో, ఏ ద్వారం ఎలా తెరవాలో ఆ పలక చెబుతుంది. అయితే అది ఎవరికి పడితే వాళ్ళకు పనిచేయదు. ఈ తిలిస్మ్‌ని పగలగొట్టేవాడు ఫలానావాడు అని ముందే రాసిపెట్టి ఉంటుంది. అతన్ని తిలిస్మ్-కుషా అంటారు. హోష్‌రుబాకి అతను హమ్జా మనవడు అసద్. అఫ్రాసియాబ్‌కి ఈ సంగతి తెలుసు. ఏ అనుమానం వచ్చినా కితాబ్-ఎ-సామరీ తెరిచి చూసుకుంటాడు, అది నిజమే చెబుతుంది. తెలిసీ ఏమీ చేయలేకపోతాడు. వేల పేజీలు మనల్ని చదివించేది ఆ నిస్సహాయతే.

చిన్న చిన్న ఖాయిదాలూ ఉన్నాయి. సాహిర్ చచ్చిపోతే రహస్యంగా చావడు. చీకటి కమ్ముతుంది, తుఫాను లేస్తుంది, నన్ను చంపారు, నా పేరు ఫలానా అని ఒక గొంతు అరుస్తుంది. హమ్జాకి ఇస్మ్-ఎ-ఆజమ్ తెలుసు, దాని ముందు జాదూ చెల్లదు. అమర్ ఐయార్ దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది, అందులో లోకం మొత్తం పట్టేస్తుంది. పరమ పిసినారి కాబట్టి అందులోంచి ఏదీ బయటికి తీయడు, అది వేరే సంగతి. జాదూ సైన్యాల్ని ఎక్కువసార్లు ఓడించేది కూడా ఇంకో జాదూ కాదు, ఐయార్ల తెలివి. మారువేషం, తాడు, మత్తుపొడి, ఇంత ధైర్యం. ఇప్పుడు బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికా రచయిత 2007లో ఒక సూత్రం రాస్తే కొత్త ఇల్మ్‌లాగా చెప్పుకుంటున్నారు. చదివేవాడికి మాయ ఎలా పనిచేస్తుందో ఎంత బాగా అర్థమైతే, దానితో కథలో చిక్కుల్ని అంత బాగా విప్పవచ్చునట. లక్నో దాస్తాన్‌గోలు ఆ మాట వింటే పాన్ నములుతూ నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు లక్నో నుంచి మన ఆళ్ళగడ్డకు వద్దాం. అహోబిలం అక్కడికి దగ్గరే. ఎగువ అహోబిలం పైన ఉగ్రస్తంభం అనే బండ ఉంది. నరసింహుడు వెలువడిన స్తంభం అదేనని హిందూ సోదరుల విశ్వాసం. వాళ్ళకది కథ కాదు, ఇబాదత్. ఆ అదబ్ మరవకుండానే, డిగ్రీలో పోతన ప్రహ్లాద చరిత్ర చదివిన విద్యార్థిగా ఒక మాట చెబుతాను. హిరణ్యకశిపుడి వరం కంటే గట్టి తిలిస్మ్ నేనెక్కడా చూడలేదు. మనిషి చేతిలో చావకూడదు, మృగం చేతిలో చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. తలుపులన్నీ మూసేశానని వాడి ధీమా. కానీ ప్రతి రెంటి మధ్యా ఒక సందు ఉంది. సంధ్యవేళ, గడప, ఒడి, గోళ్ళు. లౌహ్ ఎక్కడో దాచలేదు, వరం మాటల్లోనే ఉంది. ఇంకో సంగతి గమనించారా? హిరణ్యకశిపుడు తననే కొలవమన్నాడు. హమ్జా వెంటపడి తరిమే లఖా కూడా నేనే ఖుదాని అంటాడు. ఫిరౌన్ అన్నదీ అదే. జాదూ షర్తులన్నీ చివరికి ఈ తకబ్బుర్ చుట్టూనే బిగుసుకుంటాయి.

ఖాయిదాల విషయంలో అందరూ ఇంత ఇన్సాఫ్‌గా ఉన్నారు. ఆ జాదూగర్ జుబ్బా ఎవరికి తొడిగారన్న దగ్గర మాత్రం ఇన్సాఫ్ జారిపోయింది.

బాలనాగమ్మ కథ మన రాయలసీమలో తెలియనివాళ్ళు ఉండరు. ఇక్కడికి పక్కనే కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం కూడా ఆ నాటకాన్ని ఊరూరా ఆడింది. భిక్షకు వచ్చినట్టు వచ్చి, బాలనాగమ్మను కుక్కను చేసి తీసుకుపోతాడు మాంత్రికుడు. మొగుడు కార్యవర్ధిరాజును రాయిని చేస్తాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. కొడుకు బాలవర్ధిరాజు వెళ్ళి ఆ చిలకను పట్టుకుంటాడు. చిలక కాలు విరిస్తే వీడి కాలు విరుగుతుంది. చిలకే లౌహ్, బాలవర్ధే తిలిస్మ్-కుషా. ఇంతవరకు అచ్చం దాస్తానే. కానీ ఆ మాంత్రికుడి పేరు? మాయల ఫకీరు.

మన ఇళ్ళలో ఫకీరు అంటే గుమ్మం ముందు దుఆ చేసి వెళ్ళే దర్వేష్. జనం నోట ఫకీరు అంటే పిల్లల్ని భయపెట్టే బూచి. మా డిగ్రీ రోజుల్లో గడ్డం పెంచిన ఒక దోస్తుకి క్లాసులో ఆ పేరే ఖాయమైపోయింది. పిలిచినవాళ్ళు పగతో పిలవలేదు, వాడూ నవ్వేవాడు. మూడో సంవత్సరం మొదట్లో వాడు గడ్డం తీసేశాడు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు.

1942లో జెమినీవాళ్ళు 'బాలనాగమ్మ' సినిమా తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, మాంత్రికుడు గోవిందరాజుల సుబ్బారావు. అందులో ఫకీరు పోయి మాయల మరాఠీ వచ్చాడు. పేరు మారింది, పరాయితనం మారలేదు. 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. తీసిన కె.వి.రెడ్డి మన పక్కనే తాడిపత్రివాడు. అందులో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు! ఖాయిదా ఎంత చక్కనిదో చూడండి. బలి ఇచ్చినవాడికి బొమ్మ దక్కుతుంది, బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది, మంచివాడా చెడ్డవాడా అని అడగదు. మాంత్రికుడు మాత్రం మళ్ళీ ఎక్కడివాడో.

తెలుగువాళ్ళనే అని ఊరుకుంటే అది ఇన్సాఫ్ కాదు. అలాదీన్ కిస్సాలో మాంత్రికుడు మగ్రిబ్ నుంచి వస్తాడు. అఫ్రాసియాబ్ ఎవరు? షాహ్‌నామాలో ఇరానీయుల దుష్మన్, తూరాన్ బాద్షా. హోష్‌రుబా సాహిర్లు కొలిచే జంషేద్ పేరు పాత ఇరాన్ రాజుది. మన బుజుర్గులు కూడా జాదూగర్ జుబ్బా పక్కవాడి దేవుళ్ళకూ రాజులకూ తొడిగి వాహ్ వాహ్ అనుకున్నారు. అయితే దాస్తాన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. మహ్‌రుఖ్, బహార్ లాంటి గొప్ప సాహిరాలు అఫ్రాసియాబ్‌ని వదిలి అసద్ వైపు వస్తారు. వచ్చాక వాళ్ళ జాదూ వాళ్ళ దగ్గరే ఉంటుంది, వాళ్ళ ఇజ్జత్ కూడా. మూసా అలైహిస్సలాం ముందు ఫిరౌన్ సాహిర్లే మొదట సజ్దాలో పడ్డారని ఖురాన్ చెప్పింది విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. మాయల ఫకీరుకి ఆ తలుపు దొరకలేదు.

ఇంకోటి. మాయల ఫకీరు నిజానికి ఫకీరు కాదు, భిక్ష అడిగే వేషం అడ్డం పెట్టుకున్న మాంత్రికుడు. రావణుడూ సీతమ్మ ముందుకు సన్యాసిగానే వచ్చాడు. అయినా సన్యాసిని చూసి ఎవరూ రావణా అని పిలవరు. అమర్ ఐయార్ కూడా ఎన్నోసార్లు ఫకీరు వేషం కడతాడు. దాస్తాన్ వినేవాడికి అది వేషమని తెలుసు, కాబట్టి ఫకీరు మీద మైల పడదు.

ఢిల్లీ చివరి దాస్తాన్‌గో అని పేరున్న మీర్ బాకర్ అలీ 1928లో పోయాడు. 2005లో మహమూద్ ఫారూఖీ మళ్ళీ వేదికెక్కేదాకా ఆ గొంతు దాదాపు మూగబోయింది. ఇప్పుడు తెల్ల అంగరఖా వేసుకుని ఇద్దరు కూర్చుని హోష్‌రుబా చెబుతుంటే టికెట్టు కొని వింటున్నారు. మా దోస్తుకి నేను చెప్పిందల్లా ఇదే. వాణ్ణి ఆదివారం మా ఇంటికి పంపు, ఆ పాచిక కూడా తెమ్మను. ఈసారి ఆటలో ముల్క్ హోష్‌రుబా, జాదూగర్ అఫ్రాసియాబ్. జంబీల్ ఎవరికి ఇవ్వాలో పాచిక వేసి తేల్చుకుంటాం.