లా విద్యార్థులూ.. ఏజెన్సీలో మీకు పనుంది: పీఎల్‌వీగా ఏం చేయొచ్చు? ఎలా చేరాలి?

లా చదువుతూ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం వెతుకుతున్నారా? హైదరాబాద్‌లో సీనియర్ లాయర్ ఆఫీసు తప్ప మరొకటి తట్టడం లేదా? భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం లాంటి ఏజెన్సీ మండలాల్లో, లాయర్ దాకా వెళ్లకముందే చేతిలోని కాగితం చదివి చెప్పే మనిషి కావాలి. దానికి ఎన్‌రోల్‌మెంట్ అక్కర్లేదు.

హద్దు ఎక్కడ?

అడ్వొకేట్ల చట్టం-1961 ప్రకారం బార్ కౌన్సిల్‌లో నమోదైనవారే లాయర్‌గా ప్రాక్టీసు చేయాలి. కాబట్టి విద్యార్థి వకాల్తా వేయడం, కేసు వాదించడం కుదరదు. అయితే జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2009లో తెచ్చిన పారా లీగల్ వాలంటీర్ (పీఎల్‌వీ) పథకంలో లా విద్యార్థులకు చోటుంది. లాయర్‌గా నమోదయ్యే వరకు కొనసాగవచ్చు. శిక్షణ, గుర్తింపు కార్డు ఇస్తారు. పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఉంటుంది. సాయం కోసం వచ్చినవారి దగ్గర మాత్రం రూపాయి తీసుకోకూడదు.

పోడు భూమి కేసే తీసుకోండి

దుమ్ముగూడెం ఐదో షెడ్యూల్ ప్రాంతం. ఇక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదు (1/70 చట్టం). ఆ వివాదాలు ఒక ఎత్తయితే, అటవీ హక్కుల చట్టం-2006 కింద పోడు పట్టాల దరఖాస్తులు మరో ఎత్తు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులు 4 హెక్టార్ల వరకు హక్కు కోరవచ్చు. దరఖాస్తు గ్రామసభ నుంచి డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది.

తిరస్కరిస్తే కారణాలతో సహా దరఖాస్తుదారుకు నేరుగా తెలియజేయాలి. తెలియజేసిన నాటి నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం ఉంటే మరో 30 రోజులు ఇవ్వొచ్చు. అసలు తిరస్కరించారన్న సంగతే చేరకపోతే? చేరినా, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు లేకపోతే? గడువు దాటిపోతుంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని ఆదేశించి, అదే నెల 28న దాన్ని నిలిపివేసింది. ఎలా తిరస్కరించారన్నదే అప్పుడు ప్రధాన ప్రశ్న అయింది.

విద్యార్థికి ఇక్కడే చేతినిండా పని. తిరస్కరణ పత్రం రాతపూర్వకంగా వచ్చిందా, తేదీ ఏమిటి, కారణం రాశారా అన్నది చూడాలి. పాత రికార్డు లేదంటే ఆగిపోనక్కర్లేదు. ఫలానా పత్రమే తేవాలని కమిటీలు పట్టుబట్టకూడదని నిబంధనలే చెబుతున్నాయి. ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇచ్చినా ఆధారమే. కాకపోతే ఒక్కటి చాలదు, ఒకటికి మించి ఆధారాలుండాలి. ఇవన్నీ కూర్చి, అప్పీలు ముసాయిదా రాసి, ప్యానెల్ లాయర్‌కు అప్పగించడం వరకు మీ పని. కోయ భాష రాకపోతే స్థానిక పీఎల్‌వీని వెంట తీసుకెళ్లండి. ముసలివాళ్లు చెప్పే వివరం తెలుగులోకి వచ్చేసరికి సగం జారిపోతుంది.

ఎలా చేరాలి?

పీఎల్‌వీల ఎంపికకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలు నోటిఫికేషన్ ఇస్తాయి. ఈ జిల్లాకు ఆ కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఇంటర్న్‌షిప్ చాలనుకుంటే కాలేజీ లేఖతో అడగండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో కొంత ఇక్కడ పూర్తిచేయవచ్చు. మీ కాలేజీ న్యాయ సహాయ కేంద్రం ద్వారా ఊరిని దత్తత తీసుకునే వీలూ ఉంది. నల్సా 2011 నిబంధనలు దానికి దారి చూపుతాయి. ఒక్కరే వెళ్లడం కన్నా ఇదే మేలు. ఈ బ్యాచ్ మొదలుపెట్టిన ఫైలును వచ్చే బ్యాచ్ అందుకుంటుంది.

ఉచిత సాయం ఎవరికి?

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. కుల పత్రం లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపకండి. మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారు ఏ కులమైనా అర్హులే. ఊరి నుంచే అడగాలంటే హెల్ప్‌లైన్ 15100.