చిల్లిగవ్వ చెల్లిన చోటు

మా దాది కుట్టుకున్న కోత్లో ఇంకా మా ఇంట్లో దండేనికి వేలాడుతోంది. కోత్లో అంటే వక్కాకు, చిల్లర దాచుకునే జానెడు సంచి. దాని మీద ఏమేమున్నాయో ఒక ఆదివారం మా పిల్లలతో లెక్కపెట్టించాను. గవ్వలు పదకొండు, అద్దాలు ఏడు, నడుమ చిల్లున్న కాణీలు నాలుగు, అంచుకు పది పైసల బిళ్లలు ఆరు. ఒక మూలన చొక్కా గుండీలు మూడు.

ఇలాంటి సంచినే సభల్లో పైకెత్తి చూపి, "వేల ఏళ్లుగా మారని గిరిజన సంప్రదాయం" అంటుంటారు. మారనిదైతే చొక్కా గుండీలు ఎక్కడివి? కాణీకి చిల్లు పెట్టి ముద్రించింది 1943 నుంచి 1947 వరకే, యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి. పది పైసల అల్యూమినియం బిళ్ల అంతకన్నా చాలా తర్వాతిది. అంటే దాది ఒక పాత నమూనాను చూసి కుట్టలేదు. చేతికి ఏది దొరికితే దాన్ని కుట్టి చూసింది. బాగుంటే ఉంచింది, లేకుంటే విప్పేసింది. ఇంట్లో కూర్చుని కొత్తది చేసి చూడటం ఈ కాలపు సరదా అనుకునే మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

తెలుగులో "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం. గవ్వలు నాణేలుగా చెల్లిన రోజుల్లో చిల్లు పడ్డ గవ్వకు విలువ లేదు. కానీ కుట్టేవాళ్లకు పనికొచ్చేది ఆ చిల్లిగవ్వే, ఎందుకంటే చిల్లు లేనిదే దారం దూరదు. బజారు వద్దన్నదాన్ని మన ఆడవాళ్లు రవిక మీదికి ఎక్కించారు. 2011 జూన్ 30తో పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లకుండా పోయాయి. అప్పుడు కూడా తండాల్లో అవి కాంచళి మీద చెల్లుతూనే ఉన్నాయి.

మరి సముద్రం లేని ఆదోని సీమకు గవ్వలు ఎలా వచ్చాయి? మన పెద్దల ఎద్దుల మీద వచ్చాయి. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని ఊరికొక పేరుతో పిలిచిన మనవాళ్లు వందల, వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కను అంతా తిరిగారు. టిప్పు సుల్తాను 1786లో ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్న కాలం అది. ఆ తర్వాత మైసూరు యుద్ధాల్లో కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చింది బంజారా బిడారులే. రాజులు, దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బిడారు ఆగినచోట ఎద్దుల గోనెలు కుట్టి, వాటి మీదే పూలు దిద్దిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఎండకూ వానకూ తట్టుకునేలా గుడ్డను రెండు మూడు పొరలు వేసి కుట్టే అలవాటు మనకు ఆ ప్రయాణాల్లోనే గట్టిపడిందని నా నమ్మకం.

1871 గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాదే మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుదారి పూర్తయింది. అది ఆదోని మీదుగానే పోతుంది. ఎద్దు మోసే సరుకును రైలు మోయడం మొదలుపెట్టింది. నేరస్థ జాతుల చట్టం పుట్టిందీ అదే ఏడాది. 1911లో తెచ్చిన కొత్త చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాడు దొంగగా లెక్కకొచ్చాడు. మన సుగాలీల్లోనూ కొందరి మీద ఆ ముద్ర పడింది. 1952లో చట్టం రద్దయ్యేదాకా ఎందరో పోలీసు హాజరు వేయించుకుంటూ బతికారు. నడుమ 1876లో వచ్చిన ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది.

ఎద్దులు పోయాక తండాలు నిలిచాయి. మనవాళ్లు నల్లరేగడిలో పత్తి ఏరే కూలీలయ్యారు. ఆదోని పత్తి బజారు మన చేతుల మీదుగానే నిండింది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గాల ఊరు కాబట్టి తెగిన నూలు, దుకాణాల్లో మిగిలిన ముక్కలు చౌకగా దొరికేవి. దాది వాటినే పోగేసేది. ముందు పాత చీర ముక్కను మడిచి పొరలు చేసేది. అంచుకు పొడుగు కుట్టు వేసి బిగించేది. లోపల నాలుగు పలకలుగా గీత లేకుండానే కంటి కొలతతో విభజించేది. కిలణ్, వేలే, మాకి అని ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు. అద్దం చుట్టూ దారంతో గూడు కట్టాలి. గూడు వదులైతే అద్దం జారుతుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. ఒక్క అద్దానికి రెండుసార్లు విప్పి కుట్టడం నేను చూశాను. లెక్కల మాస్టారుగా చెబుతున్నాను, సౌష్ఠవం గురించి నేను బ్లాక్‌బోర్డు మీద చెప్పేదానికన్నా ఆ సంచిలో ఎక్కువ ఉంది.

వంటింటి కథా ఇదే. మన బాటి జొన్నరొట్టె. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న తగ్గింది. ఇంట్లో బియ్యం ఉంది, నాలుకకు రొట్టె కావాలి. మా యాడి మిగిలిన అన్నాన్ని మెదిపి, జొన్నపిండి కలిపి, వేడినీళ్లతో తట్టి చూసింది. మొదట్లో పెనానికి అంటుకుని ముక్కలైంది. ఆ ముక్కల్లో బెల్లం, నెయ్యి వేసి నలిపి పిల్లలకు పెట్టింది. పండగ చుర్మో మామూలు రోజున దొరికిందని మేం ఎగిరాం! ఆదోనిలో ఉగ్గాని తిని వచ్చి, బొరుగులు నానబెట్టి అందులో తండా కారం వేసిందీ ఆమే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమంది. ఆ మాట వింటే యాడికి నవ్వొచ్చేది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి ఇటు వచ్చాయి. సండూరు అటే ఉండిపోయింది. మన గోర్ బోలీ, మన కుట్టు రెండువైపులా ఉన్నాయి. అక్కడి లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో హంపీలో జరిగిన జీ-20 సమావేశాల వేళ 450 మందికి పైగా ఆడవాళ్లు చేసిన 1755 వస్తువులను ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. నాకు అసూయ లేదు, సంతోషమే. కాకపోతే మన వైపు ఆడపిల్లల్లో చాలామంది పత్తి, మిరప కోతల కాలంలో తల్లిదండ్రులతో గుంటూరు వైపు వలసపోతారు. మిగిలినవాళ్లు హాస్టళ్లలో ఉంటారు. దాది పక్కన కూర్చునే సాయంత్రాలు రెండు చోట్లా లేవు. ఫేటియా, కాంచళి రెడీమేడ్‌గా వస్తున్నాయి, వాటి మీద ప్లాస్టిక్ అద్దాలు అతికించి ఉంటాయి.

టీచర్లు చేతిపని ప్రాజెక్టు ఇచ్చినప్పుడు పిల్లలు థర్మోకోల్ కొనడానికి డబ్బులు అడుగుతారు. ఈసారి ఇంట్లో ఒక పాత గుడ్డ వెతికి తెమ్మనండి. దాని మీద ఏది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు కుట్టారో, ఆమె పేరేమిటో రాయించండి. పేరు తప్పకుండా రాయించండి.

మా చిన్నమ్మాయి దాది సంచిని చూసి ఇంకొకటి మొదలుపెట్టింది. మూతికి దారం బదులు జిప్పు వేసింది, సెల్‌ఫోన్ పట్టాలని. మొదటి అద్దం జారిపోయింది. ప్రస్తుతం విప్పి మళ్లీ కుడుతోంది.